నర్సమ్మ ఫోన్ చూస్తోందా? చూడనివ్వండి!

ఊళ్లో ఇంటింటికీ తిరిగే ఏఎన్‌ఎం సంచిలో బీపీ మెషిన్, థర్మామీటర్, టీకాల డబ్బాతో పాటు ఇప్పుడు ఫోనో ట్యాబో కూడా ఉంటోంది. అది ఆమెకి అండగా ఉందా, లేక ఇంకో బరువైందా? మందు మోతాదు నుంచి ఏఐ దాకా... ‘జేబులో పుస్తకం’ కథ ఇది.

మీ ఇంట్లో చిన్నపిల్లలుంటే ఒక్కసారి మందుల డబ్బా తీసి చూడండి. జ్వరానికి వాడే పారాసిటమాల్ సీసా ఒకటైనా ఉంటుంది. దాని మీద చిన్న అక్షరాల్లో ఏం రాసుందో ఎప్పుడైనా చదివారా?

ఒక రకం సిరప్‌లో 5 మి.లీ.కి 125 మి.గ్రా. మందు ఉంటుంది. ఇంకో రకంలో అదే 5 మి.లీ.కి 250 మి.గ్రా. ఉంటుంది. చంటిపిల్లలకి ఇచ్చే డ్రాప్స్‌లో అయితే ఒక్క మి.లీ.లోనే 100 మి.గ్రా. ఉంటుంది. మందు ఒకటే, పేరూ ఒకటే. కానీ చిక్కదనం వేరు.

ఇప్పుడు 10 కిలోల బరువున్న పాపకి జ్వరం వచ్చిందనుకోండి. కిలోకి 15 మి.గ్రా. చొప్పున లెక్కేస్తే 150 మి.గ్రా. ఇవ్వాలి. మొదటి సిరప్ అయితే 6 మి.లీ., రెండోది అయితే 3 మి.లీ., డ్రాప్స్ అయితే ఒకటిన్నర మి.లీ. ఎవరో ‘ఆరు మి.లీ. పొయ్యండి’ అన్నారని డ్రాప్స్ సీసాలోంచి ఆరు పోసేస్తే? పాప కడుపులోకి 600 మి.గ్రా. వెళ్లిపోతుంది. అంటే నాలుగింతలు! ఇలా రోజుకి నాలుగుసార్లు, రెండు రోజులు పోస్తే కాలేయం దెబ్బతినే ప్రమాదం ఉంది.

ఈ లెక్క పెద్ద కష్టమైందేం కాదు. ఏడో తరగతి గుణకారం, భాగహారం అంతే. కానీ ఎండలో ఐదు కిలోమీటర్లు నడిచొచ్చి, పక్కన పిల్లాడు ఏడుస్తుంటే, వాళ్ల నానమ్మ తొందరపెడుతుంటే, ఇంకా పన్నెండు ఇళ్లు మిగిలుంటే... ఆ మామూలు లెక్కే తప్పొచ్చు. ఫీల్డ్‌లో పనిచేసే నర్సు చేతిలో ఫోన్ ఎందుకు ఉండాలో ఇక్కడే అర్థమవుతుంది.

ఐదు వేల మందికి ఒక సబ్ సెంటర్

పెద్దాసుపత్రిలో నర్సుకి సందేహం వస్తే పక్క టేబుల్ దగ్గర సీనియర్ సిస్టర్ ఉంటారు. డ్యూటీ డాక్టర్ ఉంటారు. కింద ఫార్మసీ ఉంటుంది. ఊళ్లో తిరిగే ఏఎన్‌ఎంకి ఇవేవీ ఉండవు. మైదాన ప్రాంతాల్లో 5 వేల మందికి, కొండ, గిరిజన ప్రాంతాల్లో 3 వేల మందికి ఒక సబ్ సెంటర్ ఉండాలన్నది మన దేశంలో పాటించే లెక్క. ఆ వేల మందిలో గర్భిణులు, బాలింతలు, పసిపిల్లలు, షుగర్ ఉన్నవాళ్లు, టీబీ మందులు వాడేవాళ్లు అందరూ ఉంటారు. పొద్దున పోలియో చుక్కలు, మధ్యాహ్నం బీపీ చూడటం, సాయంత్రం ‘మా ఆయన్ని కుక్క కరిచింది సిస్టరమ్మా’ అని ఒక ఫోన్.

డాక్టర్లకైనా ఒక్కో విభాగానికి ఒక స్పెషలిస్టు ఉంటారు. ఈమెకి మాత్రం అన్నీ తెలిసుండాలి! ఏ టీకా ఎన్ని వారాలకి? గర్భిణికి ఐరన్ మాత్ర ఎన్ని రోజులు? విరేచనాలకి జింక్ బిళ్ల సగమా, ఒకటా? ఇవన్నీ ట్రైనింగ్‌లో చెప్తారు. కానీ మార్గదర్శకాలు మారుతుంటాయి. కొత్త టీకాలు వస్తాయి. పదేళ్ల కిందట బట్టీ పట్టింది ఇవాళ తప్పైపోవచ్చు.

ఇప్పుడు సబ్ సెంటర్లు చాలావరకు ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్‌లయ్యాయి (2023 దాకా వీటిని హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్లు అనేవాళ్లు). వాటిలో కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్లుగా బీఎస్సీ నర్సింగ్ చేసిన కుర్రకారు చేరుతున్నారు. ఆంధ్రాలో వాళ్లని ఎంఎల్‌హెచ్‌పీ అంటారు. అంటే ఈ వ్యాసం చదువుతున్న మీలో కొందరికి ఇది రేపటి ఉద్యోగం.

ముందు పుస్తకం, తర్వాత పామ్‌టాప్

‘జేబులో పెట్టుకునే వైద్యం’ అన్న ఆలోచన ఫోన్‌తో పుట్టింది కాదు. డేవిడ్ వెర్నర్ అనే అమెరికన్ మెక్సికో కొండ ఊళ్లలో పనిచేస్తూ 1970లలో ఒక పుస్తకం తయారుచేశారు. డాక్టర్ దొరకని పల్లెల్లో ఆరోగ్య కార్యకర్తల కోసం బొమ్మలతో, సులువైన మాటలతో రాసిన పుస్తకం అది. ప్రపంచంలో ఎన్నో భాషల్లోకి వెళ్లింది. మన దగ్గర హైదరాబాద్ బుక్ ట్రస్ట్ దాన్ని ‘వైద్యుడు లేని చోట’ పేరుతో తెలుగులో తెచ్చింది. ఆ తరం ఆరోగ్య కార్యకర్తల్లో చాలామందికి అది తెలిసిన పుస్తకమే. అట్టలు ఊడిపోయినా దారంతో కుట్టి దాచుకునే రకం పుస్తకం.

తర్వాత 1996లో పామ్ పైలట్ అనే అరచేతి కంప్యూటర్ వచ్చింది. స్మార్ట్‌ఫోన్‌కి ముత్తాత లాంటిది. చిన్న పుల్లతో తెర మీద రాసేవాళ్లు. 1990ల చివరికల్లా అమెరికా డాక్టర్లు, నర్సులు అందులో మందుల డైరెక్టరీ వేసుకుని తిరగడం మొదలుపెట్టారు. ఏ మందు ఎంత, ఏ రెండు మందులు కలిపి వాడకూడదు... అన్నీ జేబులోనే.

ఇంకా ఆసక్తికరమైన కథ ఆఫ్రికాది. 2003 నుంచి ఉగాండాలో పల్లె ఆరోగ్య కేంద్రాల సిబ్బందికి ఇలాంటి పీడీఏలు ఇచ్చారు. ఇంటర్నెట్ లేదు, కరెంటు అంతంత మాత్రం. అందుకని ఆరోగ్య కేంద్రంలో ఒక చిన్న పెట్టె బిగించారు. నర్సు తన పీడీఏని ఆ పెట్టె ముందు పెడితే ఇన్‌ఫ్రారెడ్‌తో రెండు పనులు జరిగేవి. ఆమె రాసిన రిపోర్టులు పైకి వెళ్లేవి. చికిత్స మార్గదర్శకాలు, కొత్త వైద్య సమాచారం ఆమె చేతికి వచ్చేవి.

ఇచ్చిపుచ్చుకోవడం అంటే ఇదీ! ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ఫోన్ నిజంగా పనికొచ్చేది ఎక్కడంటే...

పెద్ద పెద్ద టెక్నాలజీ మాటలు పక్కన పెడదాం. ఊళ్లో రోజూ ఎదురయ్యే పనులు చూద్దాం.

ఊపిరి లెక్క: పసిపిల్లల్లో నిమ్ము కనిపెట్టడానికి ఎక్స్‌రే అక్కర్లేని పద్ధతి ఒకటుంది. పిల్లాడు ఏడవకుండా ప్రశాంతంగా ఉన్నప్పుడు పొట్ట, రొమ్ము కదలికలు చూస్తూ ఒక నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టాలి. రెండు నెలల్లోపు బిడ్డకి 60 లేదా ఎక్కువ, 2 నెలల నుంచి ఏడాది లోపు అయితే 50 లేదా ఎక్కువ, ఏడాది నుంచి అయిదేళ్ల లోపు 40 లేదా ఎక్కువ ఉంటే అది వేగంగా ఊపిరి తీయడమే. డొక్కలు ఎగరేస్తుంటే ఇంకా ప్రమాదం. కళ్లు బిడ్డ మీద, లెక్క నోట్లో, టైము గడియారంలో... మూడూ ఒకేసారి చూడటం కష్టం. ఊపిరి తీసినప్పుడల్లా తెర మీద వేలితో తడితే లెక్క తనే వేసే యాప్‌లు వచ్చాయి. అదీ లేకపోతే ఫోన్‌లో ఒక నిమిషం టైమర్ పెట్టుకున్నా చాలు. అలారం మోగేదాకా చూపు బిడ్డ మీదే ఉంటుంది.

కాన్పు తేదీ: చివరి నెలసరి మొదటి రోజుకి 9 నెలల 7 రోజులు కలిపితే కాన్పు తేదీ వస్తుంది. సూత్రం సులువే. కానీ మన ఊళ్లలో తేదీ ఎవరు చెప్తారు? ‘ఉగాది ముందు సిస్టరమ్మా’, ‘వినాయక చవితి వెళ్లిన మూడో రోజు’ అంటారు. ఉగాది ఒక ఏడాది మార్చిలో వస్తే ఇంకో ఏడాది ఏప్రిల్లో వస్తుంది. ఫోన్‌లో తెలుగు క్యాలెండర్ తెరిచి పండగని తేదీగా మార్చుకుంటే లెక్క సరిపోతుంది. రెండు మూడు వారాలు అటూ ఇటూ అయితే ఏమవుతుందిలే అనుకోవద్దు. నెలలు నిండకుండా వచ్చే కాన్పుని గుర్తుపట్టడానికి ఆ తేదీయే ఆధారం.

విరేచనాలు: ఓఆర్‌ఎస్‌తో పాటు 14 రోజులు జింక్ ఇవ్వాలి. 2 నుంచి 6 నెలల పిల్లలకి రోజుకి 10 మి.గ్రా., అంటే సగం బిళ్ల. ఆరు నెలలు దాటితే 20 మి.గ్రా., అంటే ఒక బిళ్ల. విరేచనాలు రెండో రోజే ఆగిపోతే అమ్మలు జింక్ ఆపేస్తారు. 14 రోజులకి ఫోన్‌లో రిమైండర్ పెట్టి, ఆ అమ్మ ఫోన్‌లోనూ పెట్టించే నర్సు సగం యుద్ధం గెలిచినట్టే.

టీకా సీసా: మూత తీసిన సీసా ఎంతసేపు వాడొచ్చు? బీసీజీ, ఎంఆర్ టీకాలు పొడిలో ద్రవం కలిపిన తర్వాత 4 గంటలే. ఆ లోపే సెషన్ అయిపోతే అప్పుడే పారేయాలి. పెంటావాలెంట్, పోలియో చుక్కల లాంటివి సరిగ్గా చల్లగా ఉంచి, సీసా మీద రంగు గుర్తు బాగుంటే 28 రోజుల వరకు మళ్లీ వాడొచ్చు. ఈ రెండూ తారుమారైతే? గడువు దాటిన ఎంఆర్ సీసాలో సూక్ష్మజీవులు పెరిగి, బిడ్డ ప్రాణం మీదికి రావొచ్చు. పొడి కలిపిన క్షణమే సీసా మీద టైము రాసి, ఫోన్‌లో 4 గంటల అలారం పెడితే పొరపాటుకి తావుండదు.

చూశారా? వీటిలో ఏదీ రాకెట్ సైన్స్ కాదు. టైమర్, క్యాలెండర్, క్యాలిక్యులేటర్, ఒక పీడీఎఫ్. ఐదు వేల రూపాయల ఫోన్‌లోనూ ఉంటాయి.

ప్రాణం మీదికి వచ్చినప్పుడు

ఇంకొంచెం కష్టమైన సందర్భం చూద్దాం. నెలలు నిండుతున్న గర్భిణి. బీపీ 140/90 దాటిపోయింది. తలనొప్పి, కళ్లు మసకలు. ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చాయి. పాతకాలం వాళ్లు దీన్ని గుర్రపువాతం అనేవాళ్లు. 108 రావడానికి టైము పడుతుంది.

ఈ పరిస్థితిలో ప్రాణం కాపాడే మందు మెగ్నీషియం సల్ఫేట్. 33 దేశాల్లో పది వేల మందికి పైగా గర్భిణులతో చేసిన ఒక పెద్ద అధ్యయనం 2002లో వెలువడింది. బీపీ పెరిగిన గర్భిణులకి ఈ మందు ఇస్తే ఫిట్స్ వచ్చే ముప్పు సగానికి పైగా తగ్గుతుందని అది తేల్చింది. మన దేశంలో ట్రైనింగ్ పొందిన ఏఎన్‌ఎం కూడా పెద్దాసుపత్రికి పంపే ముందు మొదటి డోసు ఇవ్వొచ్చు. మొత్తం 10 గ్రాములు, ఒక్కో పిరుదులో 5 గ్రాములు, కండరంలోకి లోతుగా. ఒక్కో చిన్న ఆంప్యూల్‌లో ఉండేది 1 గ్రామే. అంటే పది ఆంప్యూళ్లు పగలగొట్టాలి!

ఎప్పుడో ఏడాదికో రెండేళ్లకో ఒకసారి వచ్చే కేసు. చేతులు వణుకుతుంటాయి. ‘పది ఆంప్యూళ్లా? నిజంగానా? ఎక్కువేమో’ అన్న అనుమానం వస్తుంది. ఆ అనుమానంతో రెండే ఇచ్చి పంపిస్తే మందు పనిచేయదు. అనుమానం తీర్చేది ఆ క్షణంలో ఆమె కళ్ల ముందు ఉండాలి.

అయితే ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. ఇలాంటప్పుడు ఫోన్ కంటే గోడ మీద చార్టే మేలు. ఫోన్ లాక్ తీయాలి, యాప్ వెతకాలి, గ్లవ్స్ ఉన్న వేలికి తెర సరిగ్గా స్పందించకపోవచ్చు, పైగా రక్తం అంటిన చేతులు. గోడకి అతికించిన కాగితానికి బ్యాటరీ అక్కర్లేదు. ఇళ్లకి వెళ్లే నర్సుకి గోడ ఉండదు కాబట్టి, మందుల సంచిలో లామినేట్ చేసిన కార్డు ఉండాలి. ఫోన్ పని అంతకు ముందే మొదలవ్వాలి. ఖాళీ ఉన్న రోజు పది నిమిషాలు కూర్చుని ఆ వీడియో చూసుకోవడం, నెలకోసారి నెమరేసుకోవడం. అత్యవసరానికి కార్డు, సాధనకి ఫోన్.

యాప్ ఇస్తే చాలా?

‘యాప్ ఇచ్చేస్తే అన్నీ బాగుపడతాయి’ అనేవాళ్లూ ఉన్నారు. పరిశోధనలు ఏం చెప్తున్నాయో చూద్దాం.

డెన్మార్క్‌కి చెందిన ఒక సంస్థ, అక్కడి యూనివర్సిటీలతో కలిసి ‘సేఫ్ డెలివరీ’ అనే యాప్ తయారుచేసింది. కాన్పు తర్వాత రక్తస్రావం ఎలా ఆపాలి, పుట్టగానే ఊపిరి తీయని బిడ్డని ఎలా బతికించాలి... ఇలాంటివి యానిమేషన్ వీడియోల్లో చూపిస్తుంది. ఒకసారి డౌన్‌లోడ్ చేస్తే నెట్ లేకపోయినా పనిచేస్తుంది. ఇథియోపియా పల్లెల్లో దీన్ని పరీక్షించారు. ఫలితాలు 2016లో వచ్చాయి. యాప్ వాడిన సిబ్బంది నైపుణ్యం, పరిజ్ఞానం గణనీయంగా పెరిగాయి. కానీ శిశు మరణాలు తగ్గాయని మాత్రం లెక్కల్లో గట్టిగా తేలలేదు.

మన దగ్గరా అలాంటి ప్రయోగం జరిగింది. పశ్చిమ గోదావరి జిల్లాలో 18 పీహెచ్‌సీల పరిధిలోని 54 ఊళ్లలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు ఆశా వర్కర్లకి ట్యాబ్‌లు ఇచ్చారు. గుండెజబ్బు ముప్పు ఎవరికి ఎంతుందో ఆ ట్యాబ్ లెక్కగట్టి చెప్పేది. డాక్టర్‌కి చికిత్స సలహా కూడా ఇచ్చేది. ఆశాలు ఆ పని చక్కగా చేశారు. డాక్టర్ దగ్గరికి వెళ్లేవాళ్లు పెరిగారు. కానీ చివరికి చూస్తే, బీపీ అదుపులోకి వచ్చినవాళ్ల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

అంటే యాప్ దండగనా? కానేకాదు. ముప్పు ఉందని ట్యాబ్ చెప్తుంది. కానీ పీహెచ్‌సీలో మాత్రలు అయిపోతే? ఒక పూట కూలి మానుకుని వెళ్లాల్సొస్తే? నెల తర్వాత ‘బాగానే ఉన్నానుగా’ అని మందు ఆపేస్తే? అక్కడ ట్యాబ్ చేయగలిగింది తక్కువ. ఫోన్ దారి చూపిస్తుంది, నడవాల్సింది మొత్తం వ్యవస్థ.

డేటా పైకి... మరి కిందికి?

ఇప్పుడు ఉగాండా పెట్టె దగ్గరికి మళ్లీ వద్దాం. డేటా పైకి, సమాచారం కిందికి. మన దగ్గర ఈ రెండో సగం చిన్నదైపోయింది.

ఏఎన్‌ఎంల కోసం ‘అన్మోల్’ అనే ట్యాబ్ యాప్ 2016లో ఆంధ్రప్రదేశ్‌లోనే మొదలైంది. గర్భిణులు, పిల్లల వివరాలు ఊళ్లోనే నమోదు చేయొచ్చు. తల్లులకి చూపించే వీడియోలూ అందులో పెట్టారు. ఆలోచన మంచిదే. తర్వాత షుగర్, బీపీల సర్వేకి ఒక యాప్, టీబీకి ఇంకోటి, టీకాలకి మరోటి, హాజరుకి వేరేది... ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. చాలాచోట్ల ట్యాబ్‌లో ఎక్కించిందే రిజిస్టర్‌లోనూ రాయాలి. యాప్‌లు తగ్గించమని ఏఎన్‌ఎంలు, ఆశాలు రెండు రాష్ట్రాల్లోనూ రోడ్డెక్కి అడిగారు కూడా.

ఈ యాప్‌లలో ఎక్కువ భాగం ఆమెని అడిగేవే. ఎన్ని ఇళ్లు తిరిగావు? ఎంతమందికి బీపీ చూశావు? ఆధార్ నంబరెంత? ఆమె అడిగితే జవాబు చెప్పేవి ఎన్ని? ‘ఈ బిడ్డ బరువు 7 కిలోలు, ఈ మందు ఎంతివ్వాలి’ అని అడిగితే ఒక్క సెకనులో, తెలుగులో, సిగ్నల్ లేకపోయినా చెప్పేది ఆమె ఫోన్‌లో ఉండాలి కదా?

సిగ్నల్ మాట వచ్చింది కాబట్టి... పాడేరు ఏజెన్సీలోనో, భద్రాద్రి కొత్తగూడెం అడవి గూడేల్లోనో తిరిగేవాళ్లకి ‘లోడింగ్’ అని తిరిగే చక్రం బాగా పరిచయం. డోలీ కట్టి గర్భిణిని మోసుకొచ్చే దారిలో నెట్ అడిగే యాప్ ఉన్నా లేనట్టే. ఎవరికి డాక్టర్ సలహా అత్యవసరమో, వాళ్ల దగ్గరే సిగ్నల్ తక్కువ.

సిగ్నల్ ఉన్నచోట మాత్రం ఫోన్ అద్భుతాలు చేస్తోంది. సబ్ సెంటర్ నుంచే వీడియోలో డాక్టర్‌తో మాట్లాడించే ‘ఈ-సంజీవని’ని 2019 నవంబరులో దేశంలో ముందుగా మొదలుపెట్టింది ఆంధ్రప్రదేశే. చదివి తెలుసుకోలేనిది మనిషిని అడిగి తెలుసుకోవడం కూడా రిఫరెన్సే!

అన్ని యాప్‌లూ ఒకటి కాదు

ప్లే స్టోర్‌లో ‘హెల్త్’ అని కొడితే వేల యాప్‌లు వస్తాయి. వాటిలో తాలు ఎంతో, గింజ ఎంతో తెలుసుకోవాలి.

ఒక ఉదాహరణ. 2014-15లో ఒక యాప్ బాగా అమ్ముడుపోయింది. కెమెరా మీద వేలు పెట్టి, ఫోన్‌ని రొమ్ముకి ఆనిస్తే బీపీ చెప్పేస్తుందన్నారు. జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు దాన్ని పరీక్షించారు. బీపీ నిజంగా ఎక్కువున్న ప్రతి పదిమందిలో దాదాపు ఎనిమిది మందికి ఆ యాప్ ‘బాగానే ఉంది’ అని చెప్పింది! ఆ మాట నమ్మి మందు ఆపేసినవాళ్ల సంగతి ఆలోచించండి. పట్టీ కట్టకుండా బీపీ, వేలు సూది లేకుండా షుగర్ అని ఉత్త ఫోనే చెప్పేస్తుందంటే నమ్మొద్దు.

ఇక ఏఐ. నర్సింగ్ హాస్టళ్లలో చాట్‌బాట్ లేని ఫోన్ ఉందంటే నమ్మలేం. పాఠం అర్థం చేసుకోవడానికి, అసైన్‌మెంట్‌కి, ఇంగ్లిష్‌లో ఉన్నది తెలుగులో చెప్పించుకోవడానికి బాగుంటుంది. కానీ మోతాదు దగ్గర జాగ్రత్త. అది తప్పు చెప్పినా అదే ధీమాతో చెప్తుంది. తడబాటు ఉండదు, ‘ఏమో’ అనదు. మి.గ్రా.కి బదులు మైక్రోగ్రాములు అని ఒక్క మాట మారితే వెయ్యింతల తేడా. తెలుగులో వాయిస్ టైపింగ్ చేస్తే ‘పదిహేను’ కాస్తా ‘పదిహేడు’ అయినా అయిపోవచ్చు. అందుకే ఏఐ చెప్పిన అంకె ఏదైనా సరే, ప్రభుత్వ మార్గదర్శకంలోనో, మందు డబ్బాలోని కాగితంలోనో కళ్లతో చూసుకున్నాకే సిరంజిలోకి ఎక్కాలి.

‘ఫోన్ చూస్తోందంటే తెలీదన్నమాట!’

అన్నిటికన్నా పెద్ద అడ్డంకి టెక్నాలజీలో లేదు, మన చూపులో ఉంది.

నర్సు ఫోన్ తీయగానే మనకి రెండు అనుమానాలు. ఒకటి, వాట్సాప్ చూసుకుంటోంది. రెండు, ఈమెకి పని రాదు. ‘డాక్టరైతే చూడకుండానే చెప్తారు’ అని మొహం మీదే అనేవాళ్లున్నారు. దాంతో ఏం జరుగుతుంది? సందేహం ఉన్నా ఫోన్ తీయడానికి ఆమె మొహమాటపడుతుంది. గుర్తున్నదాన్ని బట్టి చెప్పేస్తుంది. అది ఒప్పయితే సరే. కాకపోతే?

ఒక్కసారి ఆలోచించండి. విమానం నడిపే పైలట్‌కి పాతికేళ్ల అనుభవం ఉన్నా టేకాఫ్‌కి ముందు చెక్‌లిస్ట్ చదువుతాడు. లాయర్ కోర్టులో పుస్తకం తెరుస్తాడు. పురోహితుడు ముహూర్తానికి పంచాంగం తీస్తాడు. వాళ్లని ‘పని రాదు’ అంటామా? పంచాంగం చూడకుండా ముహూర్తం పెడితేనే మనకి అనుమానం. మరి మన బిడ్డకి సూది వేసే ముందు ఒకసారి సరిచూసుకునే సిస్టర్‌ని ఎందుకు తక్కువ చేయాలి?

దీనికి మందు కూడా సులువే. నర్సులు నోరు తెరిచి చెప్పాలి. ‘పాప బరువుకి మందు ఎంతో లెక్క చూస్తున్నానమ్మా’ అని తెర అమ్మ వైపు తిప్పి చూపిస్తే, అనుమానం కాస్తా నమ్మకం అవుతుంది. అమ్మకీ ఒక విషయం తెలుస్తుంది.

నర్సింగ్ చదువుతున్నారా? ఈ ఏడూ గుర్తుంచుకోండి

1. యాప్ ఎవరు చేశారు, ఎప్పుడు అప్‌డేట్ అయింది చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆరోగ్య శాఖ, పేరున్న వైద్య సంస్థలవి అయితే మేలు. తేదీ లేని సమాచారం పాత పేపరుతో సమానం.

2. ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి తెరవండి. తెరుచుకోకపోతే అది ఫీల్డ్‌కి పనికిరాదు. మీ రాష్ట్ర మార్గదర్శకాల పీడీఎఫ్ ఫోన్‌లోనే దాచుకోండి.

3. బ్రాండ్ పేరుతో వెతకొద్దు, మందు అసలు పేరుతో వెతకండి. ఒకేలా వినిపించే బ్రాండ్లు చాలా ఉన్నాయి.

4. అంకెతో పాటు యూనిట్ బయటికి చదవండి. ‘నూట యాభై’ అనొద్దు, ‘నూట యాభై మిల్లీగ్రాములు, అంటే ఈ సీసాలో ఆరు మి.లీ.’ అనండి. చెవికి వినపడితే తప్పు దొరుకుతుంది.

5. పేషెంట్ ఫొటో వాట్సాప్ గ్రూపులో పెట్టే ముందు ఆగండి. డాక్టర్‌ని అడగాలంటే అనుమతి తీసుకుని, మొహం, పేరు కనపడకుండా ఆయనకి మాత్రమే పంపండి. వ్యక్తిగత డేటా రక్షణకి 2023లో చట్టమే వచ్చింది. చట్టం లేకపోయినా అది మర్యాద.

6. ఫోన్‌ని తుడవండి. చేతులు కడిగి మళ్లీ అదే ఫోన్ పట్టుకుంటే కడిగింది వృథా. ఫోన్ ఆపేసి, 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వైప్‌తో తుడిస్తే తెర పాడవదు.

7. ఫోన్ చెప్పేది, కళ్లు చూసేది వేరైతే కళ్లనే నమ్మండి. యాప్ ‘పర్లేదు’ అన్నా బిడ్డ పాలు తాగట్లేదు, మత్తుగా ఉంది, ఫిట్స్ వచ్చాయి అంటే 108కి ఫోన్ చేయాల్సిందే. అప్పుడు ఫోన్‌తో చేయాల్సిన అసలు పని అదే.

కోడింగ్ వచ్చినవాళ్లకి ఒక మాట

తెలుగు రాష్ట్రాల్లో ఇంజినీరింగ్ చదివేవాళ్లకి కొదవ లేదు. ప్రతి ఏడాదీ ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి ఏం చేయాలా అని తల పట్టుకుంటారు. మీ ఊరి ఏఎన్‌ఎంతో ఒక రోజు తిరిగి చూడండి. ఎండలో తెర ఎందుకు కనపడదో, చిన్న అక్షరాలు నలభై దాటినవాళ్లకి ఎంత కష్టమో, ‘సబ్మిట్’ నొక్కితే ఎర్రగా ఎందుకొస్తుందో అక్కడే తెలుస్తుంది. బరువు కొడితే మోతాదు చెప్పే ఒక్క తెర, పెద్ద తెలుగు అక్షరాలు, నెట్ అక్కర్లేదు. ఒక డాక్టర్, ఒక ఫార్మసిస్టు ప్రతి అంకెనీ సరిచూసి సంతకం పెట్టాకే బయటికి రావాలి. అంతే. అందులో ఆమెని ఏ ప్రశ్నా అడగొద్దు, ఏ డేటా తీసుకోవద్దు. ఆమె అడిగితే జవాబు చెప్పడమే దాని పని.

మిగతా మనందరం చేయగలిగింది ఇంకా చిన్నది. ఈసారి టీకా వేయించడానికి వెళ్లినప్పుడు సిస్టరమ్మ జేబులోంచి ఫోన్ తీస్తే, తొందరపెట్టకుండా ఆ అర నిమిషం ఆగుదాం. వీలైతే ‘బరువెంతుందో చూసి చెప్పండి సిస్టర్, పర్లేదు’ అందాం. ఆ అర నిమిషం మన బిడ్డ కోసమే.